అవుట్‌పుట్ వచ్చింది సరే, కోడ్ ఎవరు చూశారు?

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి సలహా కోసం వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఒక లెక్క ముందే వేసుకుని వస్తారు. బీటెక్ అయ్యాక పిల్లవాణ్ణి ఆర్నెల్లు హైదరాబాద్ అమీర్‌పేట హాస్టల్లో పెట్టి కోర్సు చేయిస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చేస్తుందన్నది ఆ లెక్క. మారేది కోర్సు పేరే. నిన్న జావా, పైథాన్, ఇవాళ ఏఐ. ఈమధ్య ఇంకో ప్రశ్న వినపడుతోంది: "సార్, హాస్కెల్, స్కాలా లాంటి వాటికి పోటీ తక్కువంట కదా, మావాడికి ఏ ఇన్‌స్టిట్యూట్ మంచిది?"

ఏదీ వద్దు. ఆ భాషల్లో చేసే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మంచిదే, నేనూ నేర్చుకోమనే చెబుతాను. కానీ అందులో చేరినవాడికి ముందుగా కావలసింది తను రాసిన కోడ్‌ను లైన్ లైన్ చదివి, ఇక్కడ బాగాలేదు అని చెప్పే మనిషి. వంద మందిని ఒక హాల్లో కూర్చోబెట్టే చోట ఆ మనిషి దొరకడు.

ఎందుకో ఒక ఉదాహరణ చూడండి. సీ, పైథాన్ నేర్చుకున్న విద్యార్థికి లూప్ తిప్పడం, వేరియబుల్ విలువ మార్చుకుంటూ పోవడం అలవాటు. హాస్కెల్‌లో ఆ పద్ధతి చెల్లదు. ఒకసారి ఇచ్చిన విలువ మారదు, లూప్ బదులు ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటుంది. ఒక లిస్టును తిరగేయమంటే కొత్తవాడు సాధారణంగా ఇలా రాస్తాడు: మొదటి అంశాన్ని పక్కన పెట్టు, మిగతా లిస్టును తిరగెయ్యి, పక్కన పెట్టినదాన్ని చివర అతికించు. రెండే లైన్లు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, టెస్టులన్నీ పాసవుతాయి. అయితే చివర అతికించిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ లిస్టు మొత్తం నడిచి వెళ్లాలి. 1,000 అంశాలుంటే దాదాపు 5 లక్షల అడుగులు. తిరగేసినంత మేరకు ఇంకో లిస్టుగా ఉంచుకుని, ఒక్కో అంశాన్నీ దాని ముందు చేర్చుకుంటూ పోతే అదే పని 1,000 అడుగుల్లో అయిపోతుంది. ఈ తేడాను కంపైలర్ చెప్పదు, అవుట్‌పుట్ చెప్పదు. చదివినవాళ్లే చెప్పాలి.

మన కాలేజీ ల్యాబుల్లో ఆ చదివే పనే జరగడం లేదు. అవుట్‌పుట్ వచ్చిందా, రికార్డు రాశావా, అంతే. రికార్డు మీద సంతకం పడుతుంది, ప్రోగ్రాం గురించి ఒక్క మాట రాదు. సీనియర్ రికార్డు చూసి దింపినవాడికీ, రాత్రంతా కూర్చుని రాసినవాడికీ అవే మార్కులు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇళ్లలో నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చదువు దొరుకుతుంది. అక్కడ చేసిన ప్రతి వస్తువునూ పెద్దవాళ్లు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు.

మరి ఈ మండలాల్లో ఉంటూ ఆ మనిషిని ఎక్కడ వెతకాలి? ఎక్సర్సిజమ్ అనే ఉచిత వేదిక ఉంది, 2013లో కత్రీనా ఓవెన్ మొదలుపెట్టారు. చిన్న చిన్న లెక్కలిస్తారు, బ్రౌజర్‌లోనే రాయవచ్చు. రాశాక మెంటర్ కావాలని కోరితే ఎక్కడో ఉన్న ప్రోగ్రామర్ ఖాళీ సమయంలో మీ కోడ్ చదివి వ్యాఖ్య రాస్తాడు. హాస్కెల్, ఎలిక్సిర్, ఓకామెల్, ఎఫ్ షార్ప్ అన్నీ ఉన్నాయి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఈలోగా కంపైలర్ హెచ్చరికలన్నీ ఆన్ చేసుకుని, హాస్కెల్‌కైతే హెచ్‌లింట్ అనే ఉచిత పనిముట్టుతో ఒకసారి చూసుకోండి. యంత్రం పట్టగలిగిన తప్పులకు మనిషి సమయం ఖర్చు చేయించడం మర్యాద కాదు.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషులో అడగాలంటే జంకుతారు. మూడు వాక్యాలు చాలు: ఈ లెక్క చేశాను, ఈ లైన్ దగ్గర అనుమానంగా ఉంది, ఇది కూడా ప్రయత్నించాను. "ప్లీజ్ చెక్ మై కోడ్ సర్" అని మాత్రం రాయకండి, దానికి ఏం చెప్పాలో ఎవరికీ తోచదు. చాట్‌జీపీటీని అడగవచ్చా అంటే అడగవచ్చు, కానీ మొత్తం తనే తిరగరాసి చేతిలో పెడుతుంది. రాసివ్వొద్దు, ఎక్కడ బాగాలేదో మాత్రం చూపించమని చెప్పండి.

అసలు అడ్డంకి వేరే ఉంది. ఇంటర్ రెండేళ్లూ నెల్లూరు హాస్టల్లో ర్యాంకుల మధ్య పెరిగిన పిల్లకు "తప్పు" అనే మాట తిట్టులా వినిపిస్తుంది. కోడ్ ఎవరికీ చూపించదు, చూపిస్తే పరువు పోతుందని భయం. దానికి తోడు పండక్కి ఇంటికొస్తే "పక్కవీధి అబ్బాయికి ప్యాకేజీ ఎంతో తెలుసా" అని మొదలుపెడతారు. అయ్యా, అమ్మా, దయచేసి ఆపండి. తప్పు చూపించుకోగలిగిన పిల్లే ఈ పనిలో నిలబడుతుంది, మీరు ఆ ధైర్యాన్నే చిదిమేస్తున్నారు.

ఇక ఖర్చు సంగతి. "జాబ్ గ్యారెంటీ" అన్న చోట డబ్బు కట్టకండి. ఫీజును ఈఎంఐలుగా మార్చే చోట సంతకం పెట్టేది అప్పు కాగితం మీదో కాదో చదివి చూడండి. అది అప్పయితే కోర్సు మధ్యలో మానేసినా కిస్తులు ఆగవు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్ల దగ్గరికి అసలే పోవద్దు. వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, పేరు కూడా.

రేపు వాట్సాప్ కథ చెప్పి ఎర్లాంగ్ అనే మరో ఫంక్షనల్ భాష కోర్సు అమ్మేవాళ్లు కూడా వస్తారు. కథ నిజమే. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి 45 కోట్ల మంది వాడుతున్న వాట్సాప్‌ను, ఎర్లాంగ్‌లో రాసిన సర్వర్లతో, 32 మంది ఇంజినీర్లే నడిపారు. అంటే అక్కడ ఉన్న ఇంజినీరు ఉద్యోగాలూ 32 అనే కదా! ఈ భాషలు గుంపుగా ఉద్యోగాలిచ్చేవి కావు. వాటివల్ల ఆలోచన పదునెక్కుతుంది, ఆ తర్వాత జావా రాసినా, పైథాన్ రాసినా అది కనిపిస్తుంది.

పాఠాలు కావాలంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేశ్ చెప్పిన హాస్కెల్ కోర్సు ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఉంది. వినడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. లెక్కలంటే నిజంగా ఇష్టమున్న ఇంటర్ విద్యార్థికైతే నా ఓటు ఆ సంస్థ బీఎస్సీ ఆనర్స్‌కే. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి కొనే సీఎస్ఈ సీటు కంటే వంద రెట్లు మేలు. ఇంటర్ అర్హత, సొంత ప్రవేశ పరీక్ష. నెల్లూరోళ్లకు హైదరాబాద్ కంటే చెన్నై దగ్గర కూడా.

ఫైనలియర్‌కు వచ్చినవాళ్లు బెంగళూరు ఆటోల యాప్ నమ్మ యాత్రి కోడ్ తెరిచి చూడండి. జస్‌పే సంస్థలో పుట్టిన ఆ యాప్ సర్వర్ వైపు కోడ్ హాస్కెల్‌లోనే ఉంది, గిట్‌హబ్‌లో ఎవరైనా చదవవచ్చు. మొదట్లో ఏమీ అర్థం కాదు. ఒక ఫైలు ఎంచుకుని, ఒక ఫంక్షన్ ఏం చేస్తోందో తెలుగులోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల పోయాక చిన్న సవరణ ఏదైనా తోస్తే పంపండి. తీసుకున్నా, తిప్పి పంపినా, దాని కింద ఎవరైనా రాసే నాలుగు మాటలు ఉద్యోగంలో రోజూ కోడ్ చూసే ఇంజినీర్లవి. రెజ్యూమెలో సర్టిఫికెట్ల జాబితా కంటే పైన ఆ లింక్ పెట్టండి. ఇంటర్వ్యూలో దాని గురించి అడుగుతారు కాబట్టి, సవరణ మీరు సొంతంగా రాసినదే అయి ఉండాలి.