పెట్టెలోనే తుప్పు పట్టిన కొత్త బ్రేకులు... బాధ్యత ఎవరిది?

ప్రశ్న: కృష్ణానగర్‌లో ఉంటాను. సొంత కారును నేనే నడుపుతూ షూటింగులకు కిరాయికి తిప్పుకుంటాను. నిరుడు తక్కువ ధరకు వస్తున్నాయని కొత్త బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు కొని ఇంట్లో దాచాను. ఇప్పుడు బిగిద్దామని తెరిస్తే డిస్కులు తుప్పు పట్టి ఉన్నాయి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోము’ అని బిల్లు మీదే ఉందని దుకాణదారు చూపిస్తున్నాడు. కిరాయికి తిప్పేవాళ్లు వినియోగదారులే కారని కూడా అంటున్నాడు. నేను కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ముందుగా ఆయన రెండో మాట సంగతి చూద్దాం. దానికి భయపడే చాలామంది డ్రైవర్లు వెనక్కి తగ్గుతున్నారు. వ్యాపారం కోసం కొన్నవారిని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 పక్కన పెట్టిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో కేవలం పొట్టపోసుకోవడానికి కొని వాడుకునేవారు వినియోగదారులేనని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, సొంత ఆటోను తానే నడుపుకునే మనిషిని ఉదాహరణగా చూపించి మరీ ఈ సంగతి తేల్చింది. పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపించడానికి కొన్నవారికి ఈ రక్షణ ఉండదని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి నాలుగైదు కార్లకు డ్రైవర్లను పెట్టి యూనిట్లకు పంపే యజమాని ఈ దారిలో వెళ్లలేకపోవచ్చు. మీరు వెళ్లవచ్చు.

ఇక బిల్లు మీది ముద్ర. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47) చెబుతోంది. మీకు ఆ 30 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ఫిర్యాదుకు దారి మూసుకుపోలేదు. వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అవతలి పక్షం ఆ రెండేళ్లను కొన్న తేదీ నుంచే లెక్కించాలని వాదిస్తుంది. అందుకే మీరు కూడా అదే తేదీని గడువుకు మొదలు అనుకుని త్వరపడాలి.

అసలు చిక్కు రుజువు దగ్గర ఉంది. తుప్పు దుకాణంలోనే పట్టిందా, మీ ఇంట్లో పట్టిందా? డిస్కులు పోత ఇనుముతో చేస్తారు. వాటి మీద పల్చగా, నారింజ రంగులో పట్టే పొర లోపం కాదు, బిగించాక కొన్నిసార్లు బ్రేకు వేస్తే అదే పోతుంది. గుంటలు పడేలా తినేసిన తుప్పయితే సంగతి వేరు. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. ప్యాకెట్లలో అమ్మే సరుకుకు ఆ వివరం తప్పనిసరి. మీరు కొనేనాటికే అది ఏళ్ల తరబడి దుకాణంలో పడి ఉన్న సరుకైతే మీ వాదనకు బలం వస్తుంది. సరుకును పరీక్షించడంలో, భద్రపరచడంలో శ్రద్ధ చూపని అమ్మకందారు, దానివల్ల ఎవరికైనా హాని జరిగితే సెక్షన్ 86 కింద బాధ్యుడవుతాడు కూడా.

దయచేసి ఆ డిస్కులను గరుకు కాగితంతో రుద్దకండి, కారుకు బిగించకండి. రుద్దితే సాక్ష్యం పోతుంది. కమిషన్ నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపగలదు. 45 రోజుల్లో నివేదిక రావాలన్నది నియమం. రుద్ది బిగించాక ప్రమాదం జరిగితే, వస్తువును మార్చి వాడారంటూ సెక్షన్ 87 చూపించి అమ్మకందారు తప్పించుకోవచ్చు. లోపం ఉందని తెలిసీ బండిని రోడ్డెక్కించినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 కింద మీ మీదే కేసు పడవచ్చు. అంతకన్నా ముందు, బండిలో కూర్చున్నవాళ్ల ప్రాణాల సంగతి ఆలోచించండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. కొన్నది ఏ ఊళ్లోనైనా మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపుంటే రుసుము లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు.

ఇక విడిభాగాలు కొని దాచే అలవాటున్న మిగతా వాళ్లకు ఒక మాట. 2020 లాక్‌డౌన్‌లోనూ, 2025 ఆగస్టులో సినీ కార్మికుల సమ్మె సమయంలోనూ షూటింగులు ఆగాయి. అలాంటప్పుడు కార్లతో పాటు కొని పెట్టిన భాగాలూ మూల పడి ఉంటాయి. డిస్కులను కంపెనీ చుట్టిన కాగితంలోనే ఉంచి, గాలి తగలని సంచిలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో కట్టి, నేలకు తగలకుండా చెక్క మీద పడుకోబెట్టండి. వానాకాలంలో సిమెంటు నేల చెమ్మ కూడా తుప్పుకు కారణమవుతుంది. బ్యాటరీ, యాసిడ్ దరిదాపుల్లో ఉండకూడదు. డిస్కుకు నూనె రాసి దాస్తే, బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. ప్యాడ్లకు, రబ్బరు సీళ్లకు మాత్రం నూనె తగలనివ్వద్దు. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సీలు విప్పిన డబ్బాను దాచుకోకండి.

కొన్న రోజే, దుకాణదారు ముందే పెట్టె విప్పి చూసి, తయారీ తేదీతో సహా ఫోటో తీసి మళ్లీ మూయించండి. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. మీరు మాత్రం బిల్లు, పెట్టె, డిస్కులు ఉన్నవి ఉన్నట్టు భద్రపరిచి, ఈ వారంలోనే దుకాణదారుకూ తయారీ కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.