గొంతు బొంగురుపోతే అశ్రద్ధ చేయకండి

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అంటారు పెద్దలు. ఆ నోటికి మాటనిచ్చే గొంతు గురించి మాత్రం అది పోయేదాకా మనం ఆలోచించం. మన హాస్టల్లో ఆరో తరగతి నుండి పదో తరగతి దాకా చదివి, ప్రస్తుతం ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతున్న నాకు గత సంవత్సరం నాలుగు నెలల పాటు గొంతు సరిగా లేదు. స్వరతంతువు మీద పాలిప్ వచ్చింది. ఆ సందర్భంగా నేను తెలుసుకున్న విషయాలను తమ్ముళ్లతో, పూర్వ విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

స్వరపేటిక ఎలా పనిచేస్తుంది?

మన మెడ ముందు భాగంలో చేతికి తగిలే గట్టి భాగమే స్వరపేటిక. దాని లోపల రెండు స్వరతంతువులు ఉంటాయి. వీటి పొడవు మగవారిలో సుమారు 17 నుండి 25 మి.మీ., ఆడవారిలో సుమారు 12 నుండి 17 మి.మీ. మాత్రమే. గాలి పీల్చేటప్పుడు అవి విడిపోయి దారి ఇస్తాయి. మాట్లాడేటప్పుడు దగ్గరకు చేరతాయి. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలికి అవి కంపించడం వల్ల శబ్దం పుడుతుంది. మగవారి తంతువులు సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవారివి సుమారు 200 సార్లు కంపిస్తాయి.

మన స్టడీ అవర్ గుర్తు తెచ్చుకోండి. అందరం ఒకేసారి గట్టిగా చదివేవాళ్లం. పక్కవాడి గొంతు మన చెవిలో పడకుండా ఇంకా గట్టిగా చదివేవాళ్లం. ఒక గంటలో సగంసేపు గొంతు పలికిందనుకున్నా, సెకనుకు 120 చొప్పున 2 లక్షల 16 వేల సార్లు ఆ తంతువులు ఒకదానికొకటి తగులుతాయి. రెండు చేతులతో అన్నిసార్లు చప్పట్లు కొడితే అరచేతులు ఏమవుతాయో ఊహించుకోండి.

పాలిప్ అంటే ఏమిటి?

అతిగా అరవడం వల్ల తంతువులోని సన్నని రక్తనాళం చిట్లి, ఆ చోట వాచి, చిన్న బుడిపెలా మిగిలిపోవచ్చు. దీనినే పాలిప్ అంటారు. ఇది ఎక్కువగా ఒక తంతువు మీదే వస్తుంది. ఒక్కసారి గట్టిగా అరిచినా రావచ్చు. రోజూ గొంతును అతిగా వాడేవారికి రెండు తంతువుల మీద ఎదురెదురుగా కాయ కాసినట్టు వచ్చేవాటిని నాడ్యూల్స్ అంటారు. పలుగు పట్టే చేతికి కాయలు కాసినట్టే ఇవీనూ. బుడిపె అడ్డం రావడం వల్ల తంతువులు పూర్తిగా కలవవు. గాలి లీకవుతుంది, గొంతు బొంగురుపోతుంది, కాసేపు మాట్లాడితేనే అలసట వస్తుంది.

పాలిప్ క్యాన్సర్ కాదు. అంటువ్యాధి అంతకన్నా కాదు.

నాకు ఎలా వచ్చింది?

మాది పర్చూరు పక్కన పల్లె. సంక్రాంతికి మా ఊళ్లో ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగాయి. వ్యాఖ్యానం నేనే చెప్పాను. మధ్యాహ్నం కరెంటు పోయి మైకు ఆగిపోయింది. జనం ముందు ఆగబుద్ధి కాక సాయంత్రం దాకా అరిచి చెప్పాను. తెల్లారేసరికి గొంతు లేదు. అప్పుడైనా మౌనంగా ఉండాల్సింది. గుంటూరు వచ్చి, ఖర్చుల కోసం చెప్పే ట్యూషన్లో నలభై మంది పిల్లల ముందు మళ్లీ అరిచాను. ఫిబ్రవరిలో సెలవులకు వెళ్లి అమ్మతో పాటు మిరపకాయల కోతకు వెళ్లాను. కాయల ఘాటుకు దగ్గు ఆగలేదు. దగ్గు, గొంతు సవరించుకోవడం కూడా తంతువులను బలంగా కొట్టుకునేలా చేస్తాయి.

మిరియాల పాలు, కరక్కాయ, తేనె అన్నీ వాడాను. ఇవి గొంతుకు హాయినిస్తాయి కానీ తంతువులను తాకవు. మనం మింగేది అన్నవాహికలోకి పోతుంది. స్వరతంతువులు ఉండేది గాలి దారిలో. పొరపాటున నీటి చుక్క అటు పోతేనే పొలమారుతుంది. మా ఊళ్లో వైద్యం చేసే ఆయన రెండుసార్లు యాంటీబయోటిక్ కోర్సు ఇచ్చారు. బుడిపె సూక్ష్మజీవి వల్ల వచ్చింది కాదు కాబట్టి అవీ పనిచేయలేదు.

పెద్దాసుపత్రికి వెళ్లకపోవడానికి అసలు కారణం డబ్బు కాదు, భయం. చుట్టలు కాల్చే మా పెదనాన్నకు ముందు గొంతే బొంగురుపోయింది. తరువాత క్యాన్సర్ అని తేలింది. అమ్మ ఆ మాట ఎత్తేది కాదు, నేనూ ఎత్తేవాడిని కాదు. చివరకు డిపార్ట్‌మెంట్ సెమినార్లో నా మాట మూడో బెంచీకి కూడా వినిపించలేదు. లెక్చరర్ కావాలనుకునేవాడికి గొంతు లేకపోతే ఇక ఏముంది? ఆ మర్నాడే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో ఓపీ చీటీ రాయించుకున్నాను.

పరీక్ష

1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దాలతో, ఎండ వెలుగుతో తన స్వరతంతువులను తానే చూసుకున్నాడు. ఇప్పుడు కెమెరా ఉన్న సన్నని గొట్టంతో కొద్ది నిమిషాల్లో చూస్తారు. నాకు కాస్త వికారం తప్ప నొప్పి అనిపించలేదు. డాక్టరుగారు తెర మీద చూపించి, "ఇదిగో బాబూ, ఎడమ వైపు పాలిప్. ఇన్నాళ్లు ఎందుకు ఆగావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

చికిత్స

నాడ్యూల్స్ చాలావరకు గొంతుకు విశ్రాంతితో, స్పీచ్ థెరపీతో తగ్గుతాయి. చిన్న పాలిప్‌లు కూడా కొన్ని తగ్గవచ్చు. తగ్గనివాటికి మైక్రో లారింజియల్ సర్జరీ చేస్తారు. మత్తు ఇచ్చి, నోటి గుండా మైక్రోస్కోప్ సాయంతో బుడిపె తీస్తారు. మెడ మీద కోత ఉండదు. తీసిన ముక్కను పరీక్షకు పంపుతారు. నాకు మే నెలలో ఆపరేషన్ జరిగింది. ముక్కలో క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం అమ్మ ఇప్పటికీ ట్రంకు పెట్టెలో దాచుకుంది.

ఆపరేషన్ తరువాత ఐదు రోజులు మాట్లాడవద్దన్నారు. గుసగుసగా కూడా వద్దన్నారు, గుసగుస వల్ల గొంతు బిగుసుకోవచ్చట. నోటుబుక్కు, పెన్ను పెట్టుకున్నాను. మొదటి రోజు "నీళ్లు కావాలి" అని రాసి అమ్మకు చూపించాను. అమ్మ కాగితం వంక, నా వంక చూసింది. అమ్మకు చదువు రాదన్న సంగతి పదిహేడేళ్లు చదివిన నాకు ఆ క్షణం వరకు ఇంతగా తెలియలేదు. ఆ ఐదు రోజులూ సైగలతోనే గడిచాయి. మన ఇళ్లలో చాలా వాటికి ఉత్తరమూ గొంతే, దరఖాస్తూ గొంతే. అందుకే దాన్ని కాపాడుకోవాలి.

తరువాత స్పీచ్ థెరపీలో ఊపిరి కూడదీసుకుని మెల్లగా మాట్లాడడం నేర్పారు. ఇప్పుడు క్లాసు చెప్పగలుగుతున్నాను.

పాటించవలసిన జాగ్రత్తలు

1. పెదవులు కదిపేలా చదివినా చాలు. అరుస్తూ చదివితే మార్కులు ఎక్కువ రావు.
2. గొంతు పోయిన రోజే మౌనం పాటించండి. జలుబుతో ఉన్నప్పుడు అరవకండి.
3. తరచుగా మంచినీళ్లు తాగండి. గొంతు సవరించుకోబోయే ముందు ఒక గుక్క తాగితే చాలు.
4. రాత్రి కారం ఎక్కువగా తిని వెంటనే పడుకోకండి. పుల్లతేన్పులతో పైకి వచ్చే ఆమ్లం తంతువులను దెబ్బతీస్తుంది.
5. బీడీ, సిగరెట్, చుట్ట, గుట్కా జోలికి పోకండి.
6. మిరప కళ్లాల్లో పనిచేసే మీ అమ్మానాన్నలను ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోమనండి.
7. 12 నుండి 16 ఏళ్ల మధ్య మగపిల్లల గొంతు మారడం సహజం. ఎగతాళి చేయకండి.
8. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఊపిరాడకపోయినా, కళ్లెలో రక్తం పడినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ కనిపించినా ఒక్కరోజు కూడా ఆగవద్దు.

స్వరతంతువు మీద క్యాన్సర్ అయినా తొలిదశలోనే గొంతు మార్పుతో బయటపడుతుంది. అప్పుడే పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. కాబట్టి భయపడేవారే ముందు వెళ్లాలి. నేను భయంతో నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మీరు నాలుగు రోజులు కూడా పోగొట్టుకోవద్దని మనవి.

 ఈసారి మన హాస్టల్ వార్షికోత్సవ సభలో పాట పాడేవాళ్లు మైకు వాడండి తమ్ముళ్లూ! కరెంటు పోతే మాత్రం వచ్చేదాకా ఆగండి.