హెల్మెట్ ఒక్కటే చాలదు

ప్రశ్న: సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో షెడ్డు పనికి వెళ్తున్నాం. కాంట్రాక్టర్ హెల్మెట్లు ఇచ్చాడు. ఇంకేం అడగాలి సార్?

జవాబు: పైనుంచి పడకుండా ఏం ఏర్పాటు ఉందో ముందు అడగండి. హెల్మెట్ ఆ పని చేయదు. సేఫ్టీ బెల్టు కొక్కెం పరంజా గొట్టానికి తగిలిస్తే, పరంజా కూలినప్పుడు మీరూ దాంతోపాటే వస్తారు; గట్టి దూలానికి విడిగా కట్టిన తాడుకే తగిలించాలి. వెలుతురు కోసం వేసే ఫైబర్ రేకు మీద అసలు కాలు పెట్టొద్దు, అది మనిషి బరువు ఆపదు. గాలి జోరుగా ఉంటే రేకులు ఎత్తొద్దు. పని గుత్తకిచ్చిన చోట తొందర ఎక్కువ, ఇవన్నీ గాలికి పోయేది అక్కడే. అది మేస్త్రీ ఒక్కడి తప్పు కాదు. భద్రతతోపాటు నమోదు సంగతీ చూసుకోండి: గత ఏడాదిలో 90 రోజులు పనిచేసిన 18–60 ఏళ్ల వారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. ఆ మండలి కోసం నిర్మాణ ఖర్చుపై 1 శాతం సెస్సు కట్టాల్సింది యజమాని. దాని పేరుతో కూలి కోస్తే ఒప్పుకోకండి.