పాత రాతలు: కాపాడటం, తర్జుమా చేయడం

మాది నల్లమాడ. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారినా ఆకాశం మారలేదు. మా వైపు పాతతరం వాళ్ళకు కాలాన్ని లెక్కపెట్టే కొలబద్ద కరువే. "మా జేజి ధాత కరువులో పుట్టిందంట" అనేవాళ్ళు. చరిత్ర విద్యార్థి చెవికి ఆ ఒక్క మాట చాలు, ఒక పాఠం మొదలైనట్టే. ధాత అన్నది అరవై సంవత్సరాల చక్రంలో ఒక పేరు. 1816లో వచ్చింది, 1876లో వచ్చింది, 1936లోనూ వచ్చింది. ఇందులో ఏ ధాత? 1876-78 నాటి మహాకరువు తెలిసినవాడే సరిగా చెప్పగలడు. పాత రాతను చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన జిల్లాకు సంబంధించి ఇలాంటి రాత ఒకటి అదృష్టవశాత్తు లోకానికి దక్కింది. అది అనంతపురం చరిత్ర. సుమారు 1750-1810 మధ్య తెలుగులో రాయబడింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, "రాజుల యుద్ధాలు" అనే అర్థం వచ్చే పేరుతో 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. అనంతపురాన్ని ఏలిన హండే వంశంవారి కాలమది. 1757లో గుత్తి మురారిరావు ముట్టడి, తర్వాత హైదరాలీ, టిప్పుల పెత్తనం, ఆ వంశంలో మగవాళ్ళందరినీ టిప్పు ఉరితీయించగా సిద్దప్ప ఒక్కడు శ్రీరంగపట్నం చెర నుంచి తప్పించుకు రావడం, 1799లో టిప్పు పడిపోవడం, 1800లో సీమ మొత్తం కుంఫిణీ చేతికి పోవడం - ఇంత అల్లకల్లోలం రెండు తరాల్లోనే జరిగిపోయింది. దండు వచ్చినా పోయినా సామాన్యుడికి మిగిలింది కాలిన పైరే కదా!

బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. అక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, సొంత జీతంతోనూ అప్పులతోనూ తాళపత్రాలు సేకరించాడు. ఒక గ్రంథానికి ఒక్క ప్రతితో తృప్తిపడేవాడు కాదు. దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, తేడాలు చూపించి, శుద్ధప్రతి రాయించేవాడు. అంతకు ముందు కల్నల్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో ఊరూరా కైఫీయతులు సేకరించాడు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ కాగితాలు శిథిలం కాసాగాయి. వాటిలో ఎన్నింటికో బ్రౌన్ తిరుగుప్రతులు రాయించాడు. అసలు పోయినా ప్రతి మిగలాలన్నదే ఆయన పట్టుదల.

ఈ పట్టుదల మన దేశానికే పరిమితం కాదు. పన్నెండో శతాబ్దంలో మిఖాయేల్ అనే సిరియన్ మతాచార్యుడు సృష్టి మొదలుకొని 1195 దాకా ఒక బృహత్ చరిత్రను సిరియాక్ భాషలో రాశాడు. రాజుల కథ, మఠాల కథ, కరువులు, మిడతల దండ్లు, భూకంపాలు - అన్నిటినీ వేరువేరు నిలువు వరుసల్లో సర్దాడు. ఇంత గ్రంథానికి 1598లో రాసిన ఒక్క ప్రతి మాత్రమే ఉర్ఫా పట్నంలో మిగిలింది. 1899లో దానికి ఎత్తి రాయించిన ప్రతి ఆధారంగా షాబో అనే ఫ్రెంచి పండితుడు 1910 నాటికి మూలాన్నీ అనువాదాన్నీ వెలువరించాడు. ఆ 1598 నాటి ప్రతి తర్వాత అలెప్పో చేరింది. దాని ఛాయాప్రతి 2009లో గాని అచ్చు కాలేదు. మధ్యలో ఒక్క అగ్గిపుల్ల గీసినా మూలమంతా బూడిదయ్యేది!

ఇక తర్జుమా సంగతి. మొదటి చిక్కు తేదీలది. సిరియాక్ రాతల్లో "గ్రీకుల సంవత్సరం" అని ఉంటే 311 గాని 312 గాని తీసేయాలి. మన రాతల్లో శక సంవత్సరం ఉంటే 78 కలపాలి. మురారిరావు ముట్టడి జరిగిన 1757 శక సంవత్సరం 1679, పేరు ఈశ్వర. శకం రాయకుండా "ఈశ్వర సంవత్సరం" అని ఊరుకుంటే 1697 అయినా కావచ్చు, 1817 అయినా కావచ్చు. పక్కన ఏ పేరున్నదో, ఏ దండు వచ్చిందో చూసి తేల్చుకోవాలి.

రెండో చిక్కు మాటలది. పాలెగాడు అన్న మాటను ఏమని మారుస్తారు? దొర అంటే ఒకటి, రాజు అంటే ఇంకొకటి, దోపిడీగాడు అంటే వేరొకటి. కుంఫిణీ కాగితాల్లో తిరుగుబాటుదారుగా కనిపించేవాడు ఊరి రాతలో రాజుగారు. అనువాదకుడు వాడే ఒక్క మాటతో తీర్పు చెప్పినట్టవుతుంది. అందుకే కట్టుబడి, పేష్కష్, మిరాసీ, అమరం, పుట్టి, తూము వంటి మాటలను అలాగే ఉంచి కింద వివరణ ఇవ్వడం మేలని నా అభిప్రాయం. లేకపోతే అనువాదం చదవడానికి నున్నగా ఉంటుంది, చరిత్ర మాత్రం జారిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. 1984లో కరణీకం రద్దయింది. ఊరి లెక్కల కవిలె కట్టలు ఆఫీసుకు కొన్ని చేరాయి, అటకల మీద కొన్ని మిగిలాయి. తాటాకులతో పాటు కడితాలు కూడా - అంటే చింతగింజల గంజీ బొగ్గుపొడీ పట్టించిన నల్లటి గుడ్డ మీద బలపంతో రాసినవి - మన సీమలో వాడుకలో ఉండేవి. మా బంధువుల ఇంట్లో ఒక తాటాకు కట్ట చూశాను. సగం చెదలు తినేసింది. మిగతా సగం చదవగల పెద్దాయన పోయి పదేళ్ళయింది. ఆకు మిగిలినా చదివే కన్ను పోతే ఫలితమేమిటి?

కాబట్టి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ కొద్దిపాటి పని చేయండి. కట్ట కనబడితే దారం విప్పి ఆకుల వరుస చెడగొట్టకండి. ఆ వరుసే దాని పేజీ నంబరు. తడిగుడ్డతో తుడవకండి. విరిగిపోయే ఆకును వంచకండి. మొదట రెండు వైపులా ఫోటో తీయండి. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎప్పుడు తీశారో రాసిపెట్టండి. తర్వాత ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయండి. తప్పు అనిపించినా దిద్దవద్దు, పక్కన గుర్తు పెట్టండి. అర్థం చెప్పే పని ఆ తర్వాతది. చదవడం రాకపోతే పండితుల దగ్గరకు, లేదా కడపలో బ్రౌన్ పేరిట వెలసిన భాషా పరిశోధన కేంద్రానికి పోయి అడగవచ్చు. బ్రౌన్ నివసించిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషితో లేచిన సంస్థ అది. శాస్త్రిగారు మన జిల్లా రాయదుర్గం వారు కావడం మనకు గర్వకారణం.

వాన రాని ఏడు చెరువు ఎండుతుంది, వచ్చే ఏడు నిండవచ్చు. పురుగు తిన్న ఆకు మాత్రం మళ్ళీ మొలవదు. కనుక మన అటకలను మనమే ముందు వెతుక్కుందాం.