అడవి పనికి పుట్టిన ఆవిరి ఇంజను

గాంధారి ప్రాంతపు విద్యార్థికి రైలనగానే కామారెడ్డి స్టేషను స్ఫురిస్తుంది. సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు 1899–1901 సంవత్సరాల నడుమ నిర్మింపబడిన మీటరుగేజి మార్గం మీద వెలసిన స్టేషను అది. ఇట్టి మార్గాలు ఊరిని ఊరితో కలుపుతాయి. అయితే ఏ ఊరినీ కలపని రైలు మార్గాలు కూడా లోకంలో ఉండేవి. అవి సామిల్లు వద్ద మొదలై అడవిలో ముగిసేవి. చెట్లు అయిపోగానే పట్టాలను పెకలించి మరొక చోట పరచేవారు. ఆ పట్టాల మీద నడచిన చిన్న ఆవిరి ఇంజనును గూర్చి ఈ వ్యాసంలో మేము వివరింపదలచాము.

కలపను కొట్టుటకన్న తరలించుటే కష్టం. మన ప్రాంతంలో దుంగలను ఎడ్లబండ్ల మీద తెచ్చేవారు. గోదావరి తీరాన తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరానికి నీటిపై దించేవారు. అమెరికా ఉత్తర ప్రాంతాలలో శీతకాలపు మంచుమీద చక్రాలు లేని బండ్లతో ఈడ్చేవారు. మంచు కురియని యేడు దుంగలు అడవిలోనే పడి ఉండేవి.

మరి అడవిలోనికి మామూలు రైలింజనునే పంపరాదా? ఇందుకు మూడు అడ్డంకులున్నాయి. అడవిలో ఎత్తుపల్లాలెక్కువ, మలుపులు ఇరుకు, తాత్కాలికంగా పరచిన పట్టాలు బలహీనం. మామూలు ఇంజనులో పొడవైన ఇనుప కడ్డీలు కొన్ని చక్రాలను మాత్రమే త్రిప్పుతాయి. తక్కిన చక్రాలు బరువును మోస్తాయే గాని లాగవు. ఆ కడ్డీలతో బంధింపబడిన చక్రాలు ఇరుకు మలుపులో తిరుగలేవు.

మిచిగన్ రాష్ట్రంలో సామిల్లు నడపిన ఎఫ్రాయిం షే ఈ చిక్కును విప్పినాడు. ఆయన పద్ధతిలో తొలి ఇంజనును ఓహాయోలోని లైమా కర్మాగారం 1880లో నిర్మించింది. 1881లో ఆయనకు పేటెంటు లభించింది. ఈ ఇంజనులో సిలిండర్లు ఒక ప్రక్కన నిలువుగా ఉంటాయి. వాటి బరువుకు సరితూగుటకై బాయిలరును రెండవ ప్రక్కకు జరుపుతారు. సిలిండర్లు త్రిప్పే పొడవైన ఇరుసు ఇంజను ప్రక్కనే సాగి, పళ్ళ చక్రాల ద్వారా అన్ని చక్రాలనూ త్రిప్పుతుంది. ఇరుసుకు నడుమ కీళ్ళుండుటచే చక్రాల జతలు మలుపుననుసరించి వంగుతాయి. వేగం తక్కువ, కాని పట్టు అధికం. ఇంధనం చాలాచోట్ల అడవి కట్టెలే. నిప్పురవ్వలు ఎగిరి అడవి తగులబడకుండ పొగగొట్టానికి జల్లెడ అమర్చేవారు.

విద్యార్థులు ఈ లాభాన్ని లెక్క వేసి చూడవచ్చును. ఇంజను బరువు 20 టన్నులు, ఎక్కుడు 20 అడుగులకు 1 అడుగు అనుకొందాము. చక్రం జారకుండ లాగగల బలం, లాగే చక్రాల మీది బరువులో సుమారు నాలుగవ వంతు. ఎక్కుడు వలన బండి బరువులో 20వ వంతు, ముతక పట్టాల ఒరిపిడి వలన సుమారు 100వ వంతు, వెరసి 100కు 6 వంతులు వెనుకకు లాగుతాయి. మామూలు ఇంజనులో లాగే చక్రాల మీద 12 టన్నులే ఉన్నచో దాని బలం 3 టన్నులు. ఆ బలానికి లొంగేది ఇంజనుతో కలిపి 50 టన్నులు. అందు సరుకుబండ్ల వంతు 30. షే ఇంజనులో 20 టన్నులూ లాగే చక్రాల మీదనే ఉండుటచే బలం 5 టన్నులు. లొంగేది 83 టన్నులు, బండ్ల వంతు 63. బరువు అదే, ఫలితం రెట్టింపుకు పైగా. 1945 వరకు ఇట్టి ఇంజనులు సుమారు 2,770 తయారైనాయి. తైవానులోని అలిషాన్ పర్వతం మీదికి 1912 నుండి ఇవే కలప బండ్లను నడపినాయి.

మన దక్షిణాపథంలో అడవి రైలుకు ప్రసిద్ధమైన ఉదాహరణ కొచ్చిన్ సంస్థానపు ఫారెస్టు ట్రామ్‌వే. పరంబికుళం అడవుల నుండి చాలకుడి వరకు సుమారు 80 కిలోమీటర్ల మీటరుగేజి మార్గమది. అక్కడ షే ఇంజనులు గాక జర్మనీ దేశపు ఓరెన్‌స్టయిన్ – కొప్పెల్ సంస్థవారి చిన్న ఇంజనులు నడచినాయి. ఇంజను ఎక్కలేని నిట్టనిలువు చోట్ల మరొక ఉపాయం పన్నినారు. దిగే నిండు బండ్ల బరువే ఎక్కే ఖాళీ బండ్లను త్రాటితో పైకి లాగేది. 1907లో మొదలైన ఆ మార్గం 1963లో మూతపడింది. ఆ అడవి నేడు పులుల సంరక్షణ ప్రాంతం. కన్నిమర అని పిలువబడే మహా టేకువృక్షం, సుమారు 7 మీటర్ల చుట్టుకొలతతో, గొడ్డలికి తప్పుకొని అక్కడ నేటికీ నిలిచి ఉన్నది.

ఇచట మరొక లెక్క మిగిలి ఉన్నది. తెలుగువారు టేకు అనియు, ఉర్దూవారు సాగ్వాన్ అనియు పిలిచే చెట్టు మేలైన కలపగా ఎదుగుటకు 60 నుండి 80 యేండ్లు పడుతుంది. ఎడ్లబండి ఒక దుంగను తెచ్చేలోపల ఇంజను బండ్ల వరుసనే తెస్తుంది. యంత్రం తరలింపు వేగాన్ని పెంచింది. చెట్టు పెరిగే వేగాన్ని పెంచలేదు. దీనికి యంత్రాన్ని నిందించుట తగదు. ఎన్ని చెట్లు కొట్టవలెనో నిర్ణయించేది ఇంజను కాదు, దానిని అడవిలోనికి పంపిన మనిషి. పెద్దలు జంగ్లాత్ అని పిలిచిన అటవీశాఖ బాధ్యత యెంతయో, అడవి ప్రక్కన నివసించే మన బాధ్యత కూడ అంతే. నేడు ఆవిరి ఇంజను స్థానంలో లారీలు, రంపపు యంత్రాలు వచ్చినాయి. లెక్క మాత్రం మారలేదు.

కావున విద్యార్థులకు మేము సూచించే అభ్యాసం ఒక్కటే. అడితికి వెళ్ళినపుడు కోసిన టేకు దుంగ మొదలును పరిశీలించండి. టేకులో యేటికొక వలయం స్పష్టంగా కనబడుతుంది. ఆ వలయాలను లెక్కించి, ఆ చెట్టు మొలకెత్తిన సంవత్సరాన్ని మీ నోటుపుస్తకంలో వ్రాయండి. దాని ప్రక్కనే, ఈనాడు నాటిన మొక్క అంతటిదగుటకు ఏ సంవత్సరం రావలెనో కూడ వ్రాయండి.