ఇంజెరా: తిరగెయ్యని అట్టు

మనం దోసె ఎలా వేస్తాం? పిండి పెనం మధ్యలో పోసి, గరిటెతో గుండ్రంగా బయటికి తిప్పుకుంటూ పోతాం. ఇథియోపియాలో దీనికి సరిగ్గా ఉల్టా. మితాద్ అనే పెద్ద పెనం అంచు దగ్గర పలుచని పిండి పోయడం మొదలుపెట్టి, చుట్లు చుట్టుకుంటూ మధ్యకి వస్తారు. మూత పెడతారు. కాసేపటికి పైన వందల కొద్దీ చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. అమ్హారిక్ భాషలో వాటిని ‘కళ్ళు’ అంటారు. అట్టు తిరగెయ్యరు, ఒకవైపే కాలుతుంది. అదే ఇంజెరా.

నాకు దీని గురించి తెలిసింది మా క్యాంపస్‌లో ఎంటెక్ చేస్తున్న ఒక ఇథియోపియా అన్న వల్ల. సెలవు రోజుల్లో మైదా, బియ్యప్పిండి, రాగిపిండి కలిపి వేస్తుంటారు. తిని బాగుందంటే, “ఇది ఇంజెరా కాదు, ఇంజెరా ఫొటో” అంటారు. అసలుదానికి టెఫ్ కావాలి. కానీ ఆ రాగిపిండి మాత్రం పరాయిది కాదు. రాగి పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాల్లో. అక్కడ దాన్ని దగుసా అంటారు. వేల ఏళ్ల కిందట సముద్రం దాటి ఇటొచ్చింది. రాయలసీమ సంకటి మనదే, గింజ మాత్రం వాళ్ళ వైపు నుంచి వచ్చింది!

టెఫ్ కూడా చిరుధాన్యమే, కానీ ఎంత చిరు అంటే గ్రాముకి దాదాపు 2,500 నుంచి 3,000 గింజలు. గ్లూటెన్ ఉండదు. పిండి కలిపి, కిందటిసారి పిండి మీద తేరిన పసుపుపచ్చని నీటిని తోడు వేస్తారు. దాన్ని ఎర్షో అంటారు. రెండు మూడు రోజులు పులిశాక, కొంచెం పిండి తీసి, మరిగే నీళ్లలో ఉడికించి, జావలా అయ్యాక మళ్ళీ కలిపేస్తారు. నాకు బాగా నచ్చిన స్టెప్ ఇదే. గ్లూటెన్ లేని పిండిలో గ్యాస్ బుడగలు నిలవాలంటే పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి కదా, ఉడికిన జావ ఆ పని చేస్తుంది. ఏ ల్యాబూ లేకుండా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కనిపెట్టిన టెక్నాలజీ. ఈఈఈ వాళ్ళ కోసం ఇంకో మాట: కరెంటు మితాద్ సుమారు 3.5 కిలోవాట్లు లాగుతుంది. మన గీజరు 2 కిలోవాట్లే.

తినేటప్పుడు ఇంజెరాయే పళ్లెం, ఇంజెరాయే చెంచా. దానిమీద మసూర్ పప్పు కూర, శనగపిండితో చేసే షిరో వడ్డిస్తారు. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, అందుకే పప్పుకూరలు అన్ని రకాలు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ముద్ద చేసి పక్కవాళ్ళ నోట్లో పెడతారు. దాని పేరు గుర్షా. మన గోరుముద్దలు పిల్లలకే, అక్కడ గడ్డాలొచ్చిన అతిథులక్కూడా!

ఇక అసలు విషయం. ఇంత పాత పంట మీద ఒక డచ్ కంపెనీ 2007లో యూరోపియన్ పేటెంట్ తెచ్చుకుంది. టెఫ్ పిండి, దాంతో చేసే రొట్టెలు, అట్లు దాని పరిధిలోకి వచ్చాయి. అంతకుముందు 2005లో లాభాలు పంచుకుంటామని ఇథియోపియాతో ఒప్పందం చేసుకున్నారు. ఆ దేశానికి ముట్టింది నామమాత్రం. 2009లో కంపెనీ దివాలా తీసింది, పేటెంట్ మాత్రం బతికే ఉంది.

మన ఐపీఆర్ నోట్సులో పసుపు కేసు ఉంటుంది గుర్తుందా? గాయాలకు పసుపు వాడటంపై 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, సీఎస్ఐఆర్ పాత ఆధారాలు చూపించి 1997లో రద్దు చేయించింది. టెఫ్‌ పక్కన అలా ఎవరూ నిలబడలేదు. చివరికి అది కూలింది కూడా రెండు డచ్ కంపెనీల గొడవలోనే. ఒకరు ఇంకొకరి మీద ఉల్లంఘన కేసు వేస్తే, ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదని 2018లో హేగ్ కోర్టు పేటెంట్ కొట్టేసింది. ఆ తీర్పు చెల్లింది నెదర్లాండ్స్ వరకే. అప్పట్లో పేటెంట్ ఉన్న మిగతా దేశాల్లో ఎక్కడికక్కడ విడిగా తేల్చుకోవాల్సి ఉండేది.