నుదుటి మీద పేక ముక్క

‘నాకు ఎక్కువ తక్కువ తేడాలేం లేవండీ’ అని మనమంతా అంటాం. నమ్మకంగానే అంటాం.

మరి ఆఫీసులో టీ తెచ్చే మనిషిని ఎలా పిలుస్తున్నారు? మీ నాన్నగారి వయసున్నా ‘నువ్వు’ అనేస్తున్నారా? మీకన్నా చిన్నవాడైన మేనేజర్‌ని మాత్రం ‘మీరు’ అంటున్నారా?

కంగారు పడకండి. మీరు చెడ్డవాళ్లు కారు. అది అలవాటు. అలవాటును మార్చుకోవచ్చు. కానీ ముందు అది మీ కంటికి కనబడాలి. అందుకు ఒక ఆట ఉంది. పది పన్నెండు మంది, ఒక పేక కట్ట, కాస్త టేపు చాలు. ఈ ఆదివారమే ఆడండి.

ఆట ఇలా:

1. ఆసులు, జోకర్లు తీసేయండి. రెండు అన్నిటికన్నా చిన్నది, రాజు అన్నిటికన్నా పెద్దది.
2. తలా ఒక ముక్క పంచండి. ఎవరి ముక్క వాళ్లు చూసుకోకుండా నుదుటికి అతికించుకోవాలి.
3. పెళ్లి విందుకు వచ్చినట్టు పది నిమిషాలు కలిసి తిరగండి. ముక్కను బట్టి మర్యాద. రాజుకు కుర్చీ వేయండి. మూడును పట్టించుకోకండి. తిట్లు వద్దు. ముక్క పేరు పైకి చెప్పొద్దు.
4. టైమ్ అయ్యాక, తమ ముక్క ఏదో ఊహించుకుని చిన్న నుంచి పెద్దకు వరసలో నిలబడాలి.

అప్పుడు ముక్కలు తీసి చూసుకోండి. చాలామంది దాదాపు సరైన చోటే నిలబడి ఉంటారు! వాళ్లకు ఎవరూ చెప్పలేదు. సగంలో ఆగిపోయిన నవ్వే చెప్పేసింది. పది నిమిషాల్లోనే ఇంత తెలిస్తే, రోజూ ఆ చూపులే ఎదుర్కొనే మనిషికి ఎంత తెలుస్తుందో ఆలోచించండి.

తెలియడంతో ఆగదు. మనిషి పనితీరే మారిపోతుంది.

1968 ఏప్రిల్ 4న, అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. మర్నాడు అక్కడి అయోవా రాష్ట్రం, రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఇలియట్ అనే టీచర్, వివక్ష ఎలా ఉంటుందో తెలియాలని తన మూడో తరగతి పిల్లల్ని కళ్ల రంగును బట్టి విడగొట్టారు. ఒక రంగు వాళ్లు గొప్ప, రెండో రంగు వాళ్లు తక్కువ. తర్వాత తారుమారు చేశారు. మరో ఏడాది పిల్లలతో ఆమె చేసిన ఇదే పాఠం 1970లో డాక్యుమెంటరీగా వచ్చింది. అందులో ‘తక్కువ’ అనిపించుకున్న రోజు గోధుమ రంగు కళ్ల పిల్లలకు అక్షరాల కార్డులు చదవడానికి అయిదున్నర నిమిషాలు పట్టింది. ‘గొప్ప’ అయిన రోజు రెండున్నర నిమిషాలే! పిల్లలు వాళ్లే, కార్డులూ అవే.

తెలివి రాత్రికి రాత్రి పెరగదు. గౌరవం దొరికింది, అంతే. ఆ పాఠం పిల్లల్ని బాధపెట్టిందన్న విమర్శా ఉంది. అందుకే మీ ఆటలో ఈ మూడూ తప్పనిసరి:

• ఇష్టమైనవాళ్లే ఆడాలి. నిజజీవితంలో వివక్ష అనుభవిస్తున్నవాళ్లను బలవంతపెట్టొద్దు.
• ఆట పది నిమిషాలైతే చర్చ అరగంట. ముందు రెండు, మూడు వచ్చినవాళ్లు మాట్లాడాలి. మిగతావాళ్లు వినాలి.
• చివర్లో రాజులను ఒకటే అడగండి: ‘మూల ఒంటరిగా నిలబడ్డ మనిషిని గమనించారా?’

ఆ రాత్రి మీ ఇంట్లో ఒకసారి కలియతిరగండి. ఎవరి నుదుట మీరు ఏ ముక్క అతికించారో వెతకండి. పనమ్మకు విడిగా పెట్టిన గ్లాసుందా? డెలివరీ కుర్రాడితో మాట్లాడే గొంతు వేరా? ఒక్కటి ఎంచుకోండి. 21 రోజులు వదలకుండా మార్చండి. తర్వాత ఇంకొకటి.

అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది. వంటింటి గూట్లో విడిగా బోర్లించిన గ్లాసును తీయాల్సింది మాత్రం మీరే. రేపు పొద్దున ఆ పని చేయండి. ఆఫీసుకు వెళ్లాక, టీ తెచ్చిన పెద్దాయన పేరు అడగండి. ‘మీరు’ అని పిలవండి.